పిల్లి చూపిన దారి

పరీక్షకు బయలుదేరినవానికి పిల్లి యెదురైనచో, ఇంటిలోనికి మరలివచ్చి, కాసేపు కూర్చుండి, మంచినీళ్లు త్రాగి తిరిగి బయలుదేరుట మన యిండ్లలో చిరకాలముగా నున్న ఆచారము. జపాను దేశస్థులు ఇందుకు భిన్నముగా, ముందరి కాలెత్తి పిలుచుచున్న పిల్లిబొమ్మను అంగడి గుమ్మములో నుంచుకొందురు. అది శుభమును పిలుచునని వారి నమ్మకము. ఒకే జంతువు ఒకచోట అపశకునము, మరియొకచోట శుభశకునము! పాపము, పిల్లికి ఈ రెండు సంగతులును తెలియవు.

పరీక్షల మాట వచ్చినది గనుక హైదరాబాదులోని చిక్కడపల్లికి పోవుదము. అచ్చటి నగర కేంద్ర గ్రంథాలయము ఉద్యోగ పరీక్షలకు చదువుకొను యువతీయువకులకు పెద్ద ఆశ్రయము. దానికి చేరువనున్న అశోక్‌నగర్ వీథులలో శిక్షణ కేంద్రములు, అద్దె గదులు, భోజనపు మెస్సులు, జిరాక్సు దుకాణములు క్రిక్కిరిసి యున్నవి. నారాయణగూడ వైపునకు పోయినను ఇదే సందడి. తెలంగాణములోని అన్ని జిల్లాల నుండియు పిల్లలు ఇచ్చటికి వత్తురు. ఇరుకు గదిలో నలుగురైదుగురు సర్దుకొందురు. గ్రంథాలయములో పెక్కుమంది తమ పుస్తకములను తామే సంచిలో తెచ్చుకొని చదువుదురు. ఉదయము కూర్చున్నవారు చీకటి పడిన పిదపగాని లేవరు.

వారి నిరీక్షణ యెంతటిదో ఈ యొక్క సంగతివలన తెలియును. 2022 ఏప్రిల్‌లో 503 గ్రూప్‌-1 ఉద్యోగములకు ప్రకటన వెలువడెను. ఆ యేడు అక్టోబరులో ప్రాథమిక పరీక్ష జరిగెను. ప్రశ్నపత్రములు ముందుగనే బయటపడినవని తేలుటచే 2023 మార్చిలో అది రద్దయ్యెను. జూన్‌లో మరల జరిపిరి. సెప్టెంబరులో హైకోర్టు దానిని గూడ రద్దు చేసెను. 2024లో క్రొత్త ప్రకటన వచ్చి, జూన్ 9న మూడవమారు ప్రాథమిక పరీక్షయు, అక్టోబరులో ప్రధాన పరీక్షయు జరిగెను. ఇరువదిరెండేండ్ల వయసులో వచ్చినవాడు ఇరువదినాలుగేండ్లవాడయ్యెను. చదివినదే మరల మరల చదివెను. ఇంటినుండి తల్లి ఫోను చేసి, "ఎట్లున్నవు బిడ్డా?" అని యడుగును. "మంచిగనే ఉన్న అమ్మా" అని చెప్పి వాడు ఫోను పెట్టివేయును. ఆ మాట వెనుకనున్న దిగులును తల్లి గ్రహించును గాని, అంతదూరమున నుండి యేమి చేయగలదు?

ఇట్టి దిగులునెరిగిన కథలు కొన్ని జపానులో పుట్టినవి. మనసునకు ఊరట కలిగించుటను వారు 'ఇయాషి' యందురు. ఈ కథలలో తరచుగా నొక పిల్లి యుండును. పిల్లిని కథలోనికి తెచ్చుట అచ్చట క్రొత్తగాదు. నత్సుమే సోసెకి అను రచయిత 1905లోనే పిల్లి నోట కథ చెప్పించి, చదువుకున్నవారి డాంబికమును నవ్వులపాలు చేసెను. ఆయన యింటికి దారితప్పి వచ్చిన పిల్లికూన యొకటి ఆ రచనకు మూలము. 1908లో అది చనిపోగా ఆయన ఆ వార్తను మిత్రులకు ఉత్తరములు వ్రాసి తెలియజేసెను. ఇటీవల, 2023లో, ఇషిదా షో ప్రచురించిన నవలలో క్యోటో నగరమందలి యొక వైద్యశాలలో రోగులకు మందునకు బదులు పిల్లినిచ్చి పంపుదురు.

చిక్కడపల్లికి మిక్కిలి దగ్గరైన కథ మాత్రము నత్సుకవా సోసుకె వ్రాసినది. ఆయన నగానో ప్రాంతమున వైద్యుడు. 'పుస్తకములను కాపాడదలచిన పిల్లి కథ' అను అర్థమిచ్చు పేరుతో 2017లో వెలువడిన ఆ నవల 2021లో ఇంగ్లీషులోనికి వచ్చెను.

రింతారో అను హైస్కూలు విద్యార్థికి తాతయే సర్వస్వము. పాత పుస్తకముల దుకాణము నడుపుచున్న ఆ తాత హఠాత్తుగా మరణించెను. బాలుడు బడికి పోవుట మానెను, ఎవరితోడను మాటలాడడు. ఇక దుకాణము మూసి బంధువురాలి యింటికి పోవలసియున్నది. అట్టి సమయమున చారల పిల్లి యొకటి వచ్చి, మనుష్య భాషలో మాటలాడి, పుస్తకములను కాపాడుటకు తోడురమ్మని పిలిచెను. దుకాణపు వెనుక గోడ మాయమై పొడవైన దారి తెరచుకొనెను.

ఆ దారిలో మొదట నెదురైనవాడు చదివిన పుస్తకములను అద్దాల బీరువాలలో బెట్టి తాళము వేయును. ఎన్ని చదివితినను లెక్కయే వానికి ముఖ్యము. పిల్లికి బిచ్చమైనను పెట్టనివాడని మనవారు అనునది ఇట్టివానినే. ఇచ్చట అడుగవచ్చినది నిజముగా పిల్లియే!

రెండవవాని కథ నిలిచి చదువదగినది. అతడొక పండితుడు. కత్తెర చేతబట్టి పుస్తకములను కత్తిరించుచుండును. జనులకు తీరిక లేదు, కావున గ్రంథమును ఒక్క వాక్యమునకు కుదించినచో అది బ్రతుకునని వాని వాదము. దజాయి ఒసాము వ్రాసిన స్నేహగాథ యొకటి వాని చేతిలో అట్లే ఒక్క వాక్యముగా మిగిలెను. ఆ గదిలో బీథోవెన్ తొమ్మిదవ సింఫనీ మ్రోగుచున్నది. అది పండితునకు ప్రాణము. రింతారో యంత్రపు మీట నొక్కి ఆ సంగీతమును వేగముగా పరుగెత్తించెను. అది వట్టి గోలగా మారెను. పండితుడు తాళలేకపోయెను. పుస్తకముల గతియు నింతేగదా యని బాలుడు చెప్పెను.

అశోక్‌నగర్‌లో ఈ కత్తెర ప్రతి జిరాక్సు దుకాణమునందును కలదు. నాలుగువందల పుటల చరిత్ర నలుబది పుటల నోట్సగును. అది మరల నాలుగు పుటలగును. అట్లు చదువువారిని తప్పుపట్టుట న్యాయము గాదు. సిలబస్సు సముద్రము, గడువు స్వల్పము. అయినను ఏండ్ల తరబడి అదే పనిచేసినవాడు తన మనసును గూడ అట్లే కుదించుకొనును. తల్లి అడిగిన ప్రశ్నకు 'మంచిగ' అను ఒక్క మాట మిగులును.

ఈ కథలోని పిల్లి బాలుని కన్నీరు తుడువదు, బుజ్జగింపదు. కొంత కటువుగనే మాటలాడును. అయినను ఇతరులకై చేయవలసిన పని యొకటి వానికి అప్పగించును. తరగతి నాయకురాలైన సయో అను బాలిక వానిని వెదకికొని వచ్చి, ఆ దారిలో తోడుగా నడచెను. మనసునకు నిజముగా జబ్బు చేసినచో కథ చాలదు, వైద్యుని చూడవలసినదే. ఆ సంగతి వైద్యుడైన రచయితకు తెలియనిది గాదు. కథ ముగియు వేళకు పిల్లి వెడలిపోయెను. రింతారో మాత్రము దుకాణమును విడువనని బంధువురాలితో చెప్పి అచ్చటనే నిలిచెను.

చిక్కడపల్లి గ్రంథాలయములో దీపములార్పు వేళ పిల్లలు సంచులు భుజమున వేసికొని చాయ దుకాణముల యొద్ద చేరుదురు. బల్లల క్రింద తిరుగాడు పిల్లికి ఎవడో యొకడు బిస్కత్తు ముక్క వేయును. అది తినుచున్నంతసేపును ఎవ్వరును ఎవ్వరిని ప్రశ్నలడుగరు.