ఆర్డరు బొమ్మ, సొంత బొమ్మ

బొమ్మలేసుకుని బతుకుతానని కూతురో కొడుకో అన్నప్పుడు కన్నవాళ్లకి పుట్టే భయాన్ని నేను తప్పుపట్టను. ఒకటో తారీకున జీతం పడని పని అది. ఒక బొమ్మ అమ్ముడుపోతే, తర్వాతిది ఎప్పుడు పోతుందో వేసినవాళ్లకే తెలియదు. గ్యాలరీలో అమ్మితే వచ్చినదాంట్లో వాళ్ల వాటా వాళ్లు తీసుకుంటారు. అయితే ఆ భయానికి లోకం ఇచ్చే రెండు సలహాలూ నాకు నచ్చవు. ఒకటి 'కళ మానేసి ఉద్యోగం చూసుకో', రెండోది 'అన్నీ వదిలేసి దూకెయ్'.

ఈ రెండూ కాని దారీ ఉంది. చిత్రకారుడు తోట వైకుంఠం వేసిన తెలంగాణ ఆడవాళ్లని ఒకసారి దగ్గరగా చూడండి. నుదుట ఇంత పెద్ద బొట్టు, నల్లని ఒళ్లు, మెడనిండా నగలు, చీరలో వెనకాడని ఎరుపూ పసుపూ. కింద సంతకం వెతకక్కర్లేదు. 1942లో అప్పటి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టి, హైదరాబాద్‌లో చదివి, బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర నేర్చుకున్నాక, ఆయన కుంచె మళ్లీ తన ఊరి ఆడవాళ్ల దగ్గరికే వెళ్లింది. సినిమాకీ పనిచేశారు. బి. నర్సింగరావు 'దాసి'కి కళాదర్శకత్వం చేసి జాతీయ అవార్డు అందుకున్నారు. అది వేరొకరి కథకి తన కన్ను అరువిచ్చిన పని. దానివల్ల ఆయన సొంత బొమ్మలో ఒక్క గీతా పలచబడలేదు.

అందరికీ అలా కుదరదు. ఎందుకో ఫోటో చూసి బొమ్మ వేసేవాళ్లని అడిగితే తెలుస్తుంది. పోయిన తండ్రి ఫోటో తెస్తారు, అదీ ఆధార్ కార్డు మీదిది. మీసం కాస్త నల్లగా ఉండాలంటారు, లోతుకుపోయిన చెంపలు పూడ్చమంటారు, భుజాన కండువా వేయమంటారు. కొడుకు మనసులో ఉన్న తండ్రిని కాగితం మీదికి తేవడం మామూలు విద్య కాదు. కూటి కోసం కోటి విద్యలన్నారు, అందులో ఇది ఎంతో మర్యాదైనది. చిక్కు ఎక్కడంటే, చెంపలు పూడ్చడానికి అలవాటుపడ్డ చెయ్యి సొంత బొమ్మలోనూ ఎవరూ అడక్కుండానే పూడ్చేస్తుంది. ఇన్‌స్టాలో లైకుల కోసం వేసే చేతికీ ఇదే అవుతుంది. నలుగురికీ నచ్చేదే మనకీ నచ్చుతోందనుకుంటాం. మన చూపు ఎప్పుడు జారిపోయిందో కూడా గమనించం.

అందుకే రోజుకో గంట, అమ్మకానికి కాని బొమ్మకి, ఇన్‌స్టాలో పెట్టని బొమ్మకి ఇవ్వండి. పెళ్లిళ్ల సీజన్‌లో ఆర్డర్లు మీదపడినప్పుడు ముందు ఎగిరిపోయేది ఈ గంటే. దాన్ని వదులుకోవద్దని చేతులు పట్టుకుని చెప్పాలనిపిస్తుంది నాకు.

ఆ గంట మిగలాలంటే డబ్బు మాట్లాడటం రావాలి. మన కళాకారుల్లో చాలామందికి నోరు పెగలనిది ఇక్కడే. 'రంగులకెంత, కాగితానికెంత' అని లెక్కగట్టి బేరమాడేవాళ్లుంటారు. 'మీ పేరు నలుగురికీ తెలుస్తుంది' అంటూ ఊరికే వేయించుకునేవాళ్లూ ఉంటారు. సగం అడ్వాన్స్, రెండుసార్లు దాటి మార్పులడిగితే వేరే లెక్క, ఇచ్చే తారీకు ఫలానా అని ముందే కాగితం మీద పెట్టండి, చుట్టాలైనా సరే. ఏ నెల ఎంత వచ్చింది, ఎవరు ఎంత బాకీ అన్న పుస్తకం ఇంట్లోవాళ్ల ముందుంచండి. వాళ్లకి కావలసిన జవాబు అందులో ఉంటుంది. సొంత బొమ్మని మాత్రం వాళ్లడిగేదాకా చూపించక్కర్లేదు.