ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ ఫైనల్సు: దూరదేశ ప్రేక్షకుల పరిశీలన

మెల్‌బోర్న్ క్రికెట్ మైదానము పేరు మన విద్యార్థులకు కొత్త కాదు. విశాఖపట్నపు యువకుడు నితీశ్ కుమార్ రెడ్డి 2024 డిసెంబరులో టెస్టు క్రికెట్టున తన తొలి శతకము సాధించినది అచ్చటనే. అయితే ఆ మైదానమున ఒక ఆటను చూచుటకు అత్యధికముగా జనము చేరినది క్రికెట్టు కొరకు కాదు. 1970లో కార్ల్‌టన్, కాలింగ్‌వుడ్ జట్ల నడుమ జరిగిన ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ గ్రాండ్ ఫైనలుకు 1,21,696 మంది వచ్చినారు. సగము ఆట ముగియునప్పటికి 44 పాయింట్లు వెనుకబడియున్న కార్ల్‌టన్, చివరకు 10 పాయింట్ల ఆధిక్యముతో గెలిచినది.

ఆట స్వరూపమును క్లుప్తముగా చెప్పెదము. అండాకారపు మైదానము, అండాకారపు బంతి, ఒక్కొక్క పక్షమున 18 మంది ఆటగాండ్రు. ప్రతి కొసన నాలుగు స్తంభములుండును. నడిమి రెండింటి మధ్యగా బంతిని తన్నినచో గోలు, అనగా ఆరు పాయింట్లు. ప్రక్క స్తంభముల నడుమ పోయినచో ‘బిహైండ్’, ఒకే పాయింటు. గురి కొద్దిగా తప్పినవానికి కూడ ఏదో కొంత దక్కును. ఇది గుర్తుంచుకొనదగిన విషయము. దీని ప్రయోజనము ముందు తెలియగలదు.

మెల్‌బోర్న్ నగరమున అభిమానము తల్లిదండ్రులనుండి సంక్రమించునట్టిది. దూరదేశస్థులమైన మాకు అట్టి వారసత్వము లేదు. సెప్టెంబరు చివరి శనివారమున అక్కడ మధ్యాహ్నము రెండున్నర, ఇక్కడ ఉదయము పది గంటలకు ఆట ప్రారంభమగును. జట్టు గెలుపోటముల చింత లేనందున మా దృష్టి ఎక్కువగా ఫైనల్సు ఏర్పాటుపైననే నిలుచును. ఆ ఏర్పాటులోని ప్రశ్న ఇది: సంవత్సరమంతయు బాగుగా ఆడినవారికి చివరి దినమున ఎంత రక్షణ ఉండవలెను?

ఇంగ్లండు ఫుట్‌బాల్ లీగున పట్టికలో మొదట నిలిచినవారే విజేతలు. ఆస్ట్రేలియాలో అట్లు కాదు. 2025లో 18 జట్లు ఒక్కొక్కటి 23 ఆటలాడినవి. కాని ప్రథమస్థానము వలన ఫైనల్సులో అనుకూల్యమే గాని కిరీటము లభింపదు. 1897లో ఆరంభమైన విక్టోరియా లీగు (1990నుండి ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగు) ఈ చిక్కును తీర్చుటకు పెక్కు పద్ధతులను మార్చినది. ‘ఆర్గస్’ అను పత్రిక పేర ప్రసిద్ధమైన పద్ధతిలో ప్రథమస్థానపు జట్టు ఓడినను, మరియొక ఆటకు సవాలు చేయు హక్కు దానికుండెడిది. 1931లో నాలుగు జట్ల పద్ధతి వచ్చి, గ్రాండ్ ఫైనలు ఏటేటా తప్పనిసరి అయినది. కెన్ మెకింటైర్ అను న్యాయవాది పేరు ఈ పద్ధతులతో విడదీయరానిది. ఆయన పేర 1994లో వచ్చిన ఎనిమిది జట్ల పద్ధతి మాత్రము నిలువలేదు. అందులో మొదటి వారమున ఓడిన జట్టు భవితవ్యము ఇతరుల ఆటల ఫలితములపై కూడ ఆధారపడినది.

2000నుండి 2025 వరకు సాగిన పద్ధతి మాకు మిక్కిలి సమంజసముగా తోచినది. మొదటి నాలుగు జట్లు తమలో తాము ఆడును. గెలిచినవారికి ఒక వారము విశ్రాంతి, తరువాత స్వస్థలమున ప్రిలిమినరీ ఫైనలు. ఓడినవారికి మరియొక అవకాశము. అయిదునుండి ఎనిమిది వరకు గల జట్లకు ఒక్క ఓటమితోనే ప్రయాణము ముగియును. మన కళాశాలలో రెండవ అవకాశము తప్పినవారికి సప్లిమెంటరీ రూపమున దొరకును. అక్కడ అది సంవత్సరమంతయు శ్రమించినవారికే! 2025లో మూడవస్థానమున నిలిచిన బ్రిస్బేన్ మొదటి ఫైనలున గీలాంగ్ చేతిలో ఓడి, ఆ రెండవ అవకాశముతో ముందుకు సాగి, గ్రాండ్ ఫైనలున అదే గీలాంగును 47 పాయింట్లతో ఓడించినది.

అయినను తలుపు క్రిందివారికి మూయబడలేదు. 2016లో ఏడవస్థానపు వెస్టర్న్ బుల్‌డాగ్స్ పెర్త్‌లో వెస్ట్‌కోస్టును, మెల్‌బోర్నులో హాథార్నును, సిడ్నీలో గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీని ఆరే పాయింట్లతో ఓడించి, చివరకు సిడ్నీ స్వాన్సుపై గెలిచినది. 1954 తరువాత దానికదే తొలి విజయము. 2026నుండి ఫైనల్సు ద్వారము పది జట్లకు తెరువబడునని 2025లోనే ప్రకటించినారు. దీనిని మేము మెచ్చజాలము. పదునెనిమిదింట పదింటిని పిలిచినచో 23 ఆటల విలువ తగ్గదా?

ఇక 2010 సంగతి. సెప్టెంబరు 25న కాలింగ్‌వుడ్, సెయింట్ కిల్డా తలపడినవి. ఆట చివరి నిమిషములలో సెయింట్ కిల్డా ఒక్క పాయింటు వెనుకబడియుండగా లెన్నీ హేస్ బంతిని దూరముగా తన్నినాడు. స్టీఫెన్ మిల్న్ దానికై పరుగెత్తినాడు. గుండ్రని బంతియైనచో చేతికందెడిదేమో. అండాకారపు బంతి ప్రక్కకు ఎగిరి స్తంభములను దాటి బిహైండ్ అయినది. 68–68, సమానము! 1948, 1977లలో వలెనే వారము తరువాత ఆటను మరల ఆడించినారు. కాలింగ్‌వుడ్ 108–52తో గెలిచినది. 2016లో ఈ పునఃక్రీడా నియమమును తొలగించి అదనపు సమయమును ప్రవేశపెట్టినారు. ప్రయాణములు, టిక్కెట్లు, టెలివిజను కార్యక్రమములు దృష్ట్యా అది సౌకర్యమే. కాని సర్వశక్తులొడ్డి అలసిన ఆటగాండ్రచే అప్పటికప్పుడే తీర్పు చెప్పించుటకంటె, వారము గడువిచ్చి మరల ఆడించుటయే న్యాయమని మా అభిప్రాయము. ఆ గడువు సెయింట్ కిల్డాకు అచ్చిరాలేదన్నది వేరు మాట. 1966లో అదే కాలింగ్‌వుడ్‌పై ఒక్క పాయింటుతో గెలిచిన కిరీటమే 2025 ముగియునాటికి ఆ జట్టుకున్న ఏకైక కిరీటము.