'ఎ' అక్షరం వరకు మనమందరం పండితులమే

థర్డ్ ఇయర్ దగ్గర పడుతుందంటే చాలు, హాస్టల్లో ప్రతి ఫోన్‌లోనూ ఒకే రకం పీడీఎఫ్ కనిపిస్తుంది. హై ఫ్రీక్వెన్సీ వర్డ్స్ అని దాని పేరు. జీఆర్ఈ రాసేవాళ్ళకూ అదే, ప్లేస్‌మెంట్ వెర్బల్ రౌండ్‌కూ అదే. అందరూ మొదటి పేజీలో మొదలుపెడతారు. ఎనిమిదో పేజీకి వచ్చేసరికి ఇంటర్నల్స్ వస్తాయి. అవి అయ్యాక మళ్ళీ మొదటి పేజీ. అందుకే అబేట్, అబెరెంట్, అబేయెన్స్, అబ్‌స్కాండ్ మన బ్యాచ్‌లో అందరికీ కంఠస్థం. 'ఎమ్' దాకా వెళ్ళిన మనిషిని నేనింతవరకు చూడలేదు.

ఆ లిస్టులో అబేయెన్స్ పక్కన ఏముంటుంది? టెంపరరీ సస్పెన్షన్. ఒక ఇంగ్లీష్ మాటకు ఇంకో రెండు ఇంగ్లీష్ మాటలు. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం కదా, మనకు అది చాలనిపిస్తుంది. నిజానికి అది ఒక నోటు ఇచ్చి ఇంకో నోటు తీసుకోవడమే, అంగట్లో ఏమీ కొనలేదు. పుంగనూరులో ఉండే మా అవ్వకు ఒక మాట చెప్పగలిగితేనే ఆ మాట నాకు వచ్చినట్టని నేను లెక్క పెట్టుకున్నాను. ఎందుకంటే అవ్వ ఊరుకోదు, "అంటే ఏందబ్బా?" అంటుంది. అప్పుడు టెంపరరీ సస్పెన్షన్ పనికిరాదు. "మన వీధిలో కాలువ పని మొదలుపెట్టి ఆపేసినారు చూడవ్వా, రద్దు చేయలేదు, జరగడమూ లేదు, ఊరికే అట్లా పడి ఉంది, అది" అని చెప్పాలి. అంతే, అబేయెన్స్ ఇక మరిచిపోవడం కుదరదు.

పరీక్ష కూడా ఇదే అడుగుతోంది. 2011లో జీఆర్ఈ మారినప్పుడు యాంటనిమ్స్, అనాలజీస్ తీసేశారు. ఇప్పుడు వాక్యంలో ఖాళీ ఇచ్చి మాట పెట్టమంటారు. మాట అర్థమొక్కటే తెలిస్తే చాలదు, దాని నడత తెలియాలి. అందుకని నేను అక్షరాల వరుస వదిలేసి మాటల్ని బస్సు రూటు ప్రకారం పెట్టుకున్నాను: మదనపల్లె, పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం. నవ్వకండి, పనిచేస్తోంది.

మదనపల్లెలో మొదటి స్టాపు బీసెంట్ థియోసాఫికల్ కాలేజీ. రవీంద్రనాథ్ ఠాగూర్ 1919 ఫిబ్రవరిలో అక్కడికి వచ్చి, ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ దగ్గర ఉన్నారు. జనగణమన పాడి వినిపించారు. మార్గరెట్ కజిన్స్ దానికి స్వరాలు రాసుకున్నారు. ఆ పాటకు ఠాగూర్ ఇంగ్లీష్ అనువాదం 'ద మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా' రాసింది మదనపల్లెలోనే. ఇంతవరకు అందరికీ తెలిసిన సంగతే, క్విజ్‌లో వస్తుంది కాబట్టి. నాకు నచ్చింది వేరే. 'విధాత'కు ఇంగ్లీష్‌లో ఏం పెట్టాలి? క్రియేటర్ అనొచ్చు, గాడ్ అనొచ్చు. ఆయన పెట్టిన మాట డిస్పెన్సర్.

మనకు డిస్పెన్సర్ అంటే మెస్‌లో వాటర్ డిస్పెన్సర్. దానికీ విధాతకూ సంబంధమేమిటి? లాటిన్‌లో పెండెరె అంటే వేలాడదీయడం, తూచడం. పాత కాలపు తక్కెడలో వేలాడదీసే కదా తూచేది. తూచి ఎవరికెంతో అంత పంచేవాడు డిస్పెన్సర్. మందులు తూచి ఇచ్చే చోటు డిస్పెన్సరీ. భాగ్యాన్ని తూచి పంచేవాడు విధాత. ఇక ఈ తక్కెడ నుంచి ఎన్ని మాటలు దిగుతాయో చూడండి. పెండ్యులమ్, వేలాడేది. పెండింగ్, మన బ్యాక్‌లాగ్స్ మాదిరి వేలాడుతున్నది. ఎక్స్‌పెన్స్, తూచి బయటికిచ్చింది. కాంపెన్సేట్, రెండు తట్టలూ సమానమయ్యేలా రెండో వైపు వేయడం. పెన్సివ్, మనసులో తూచుకుంటూ కూర్చున్నవాడు. మన 'ఆచితూచి'లోనూ ఉన్నది తూకమే. ఇండిస్పెన్సబుల్ అంటే లేకపోతే జరగనిది. కానీ డిస్పెన్స్ పక్కన 'విత్' చేరితే మాత్రం అర్థం తిరగబడుతుంది: అది అక్కర్లేదని వదిలేయడం. టెస్టులో పట్టుకునేది ఇక్కడే.

మాటను వేరు దాకా తవ్వే అలవాటు ఇంకో మదనపల్లె మనిషికీ ఉండేది. 1895లో ఇక్కడ పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి. ప్రసంగం మధ్యలో ఆగి మాట పుట్టుక చెప్పేవారు. స్కూల్ అనే మాట గ్రీకులో తీరిక అనే మాట నుంచి వచ్చిందని ఆయనకు ఇష్టమైన ఉదాహరణ. ఎనిమిది గంటల టైమ్ టేబుల్ చూసిన మనకు ఇది జోక్ లాగా ఉంటుందనుకోండి.

రెండో స్టాపు టమోటా మార్కెట్. దేశంలోని పెద్ద టమోటా మార్కెట్లలో ఒకటి. ఇక్కడి మాట వొలటైల్. లాటిన్‌లో వొలారె అంటే ఎగరడం. వాలీబాల్‌లో వాలీ కూడా ఆ ఇంటిదే. కెమిస్ట్రీలో వొలటైల్ ద్రవం ఎగిరిపోతుంది. ర్యామ్ వొలటైల్ మెమరీ, కరెంటు పోతే అందులో ఉన్నది ఎగిరిపోతుంది. సి లాంగ్వేజ్‌లో వొలటైల్ అనే కీవర్డ్ ఉంది, ల్యాబ్‌లో ఎవరూ సరిగా పట్టించుకోరు. మామూలు వేరియబుల్ అయితే కంపైలర్ ఒకసారి చదివిన విలువను రిజిస్టర్‌లో పెట్టుకుని మళ్ళీ మళ్ళీ అదే వాడొచ్చు. వొలటైల్ అని రాస్తే అట్లా కుదరదు. మన ప్రోగ్రామ్ చేతిలో లేని కారణంతో విలువ మారిపోవచ్చు, అందుకని ప్రతిసారీ మెమరీకి వెళ్ళి చదవాల్సిందే. టమోటా రేటు సరిగ్గా ఇదే. 2023 జూలైలో కిలో 100 రూపాయలు దాటి ఎగిరింది, సెప్టెంబరుకల్లా నేల మీదికి దిగింది. నిన్నటి రేటు గుర్తుపెట్టుకుని ఈ రోజు కోత కోసిన రైతుకు కోత కూలి కూడా రాకపోవచ్చు. పంట అట్లా ముంచెత్తినప్పుడు దాన్ని గ్లట్ అంటారు. గ్లటన్, అంటే తిండిపోతు, ఇదీ ఒకే వేరు: మింగడం. మార్కెట్ ఇక మింగలేనంత వచ్చి పడితే గ్లట్.

మన బ్రాంచ్ వాళ్ళకు ఇక్కడ ఒక లాభం ఉంది. జీఆర్ఈ మాటలు చాలావరకు మన సిలబస్‌లోనే దాక్కుని ఉన్నాయి. రిడండెంట్ తీసుకోండి. డీబీఎంఎస్‌లో రిడండెన్సీ అని సంవత్సరమంతా రాస్తాం. లాటిన్‌లో ఉండా అంటే అల. నిండి, అల మీదికి తిరిగి పొర్లేది రిడండెంట్. మన వైపు చెరువు నిండితే 'మొరవ పోతా ఉంది' అంటారు కదా, అదే. ఇనండేట్, అబండెంట్ కూడా ఆ నీళ్ళే. అవసరానికి మించి పొర్లిపోయిన డేటా రిడండెంట్ డేటా. కంపెనీలో ఉద్యోగిని రిడండెంట్ అన్నారంటే మాత్రం ఆ మనిషిని మొరవ మీదుగా బయటికి పంపేస్తున్నారని. డిప్రికేటెడ్ ఫంక్షన్ అని వార్నింగ్ వస్తుంది, దాని వేరు ఇంకా బాగుంటుంది: రాబోయే కీడు పోవాలని వేడుకోవడం. పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతరకు వెళ్ళినవాళ్ళకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. ఇప్పటి ఇంగ్లీష్‌లో అది 'వద్దు' అని తప్పుపట్టడంగా మిగిలింది.

పుంగనూరు అనగానే ఆవు గుర్తొస్తుంది. ఆ పొట్టి ఆవుకు ఇంగ్లీష్‌లో రెండు మాటలు సరిపోతాయి. డిమినిటివ్, అంటే చిన్న ఆకారం. డోసైల్, అంటే సాధువు. డోసైల్ వేరులో 'నేర్పడం' ఉంది, చెప్తే వినేది అని. డాక్టర్ అన్నా మొదట నేర్పేవాడే. ఇక ఆవులు గుంపుగా ఉంటే మంద. లాటిన్‌లో గ్రెక్స్. మందలో ఉండడం ఇష్టపడేవాడు గ్రిగేరియస్. మందగా చేరడం కాంగ్రిగేట్. మంద నుంచి విడదీయడం సెగ్రిగేట్. మందలో చేర్చి లెక్కపెట్టడం అగ్రిగేట్, మన మార్క్స్ మెమోలో ఉండేది. ఎగ్రీజియస్ అంటే మందలోంచి బయటికి కనిపించేది. ఒకప్పుడు గొప్పగా కనిపించేవాణ్ణి అనేవాళ్ళు, ఇప్పుడు చెడ్డగా కనిపించేదాన్నే అంటారు. ఎగ్రీజియస్ మిస్టేక్ అంటే కళ్ళకు కొట్టొచ్చినట్టు కనబడే తప్పు.

కాబట్టి వేరు ఒక్కటే నమ్ముకుంటే దెబ్బ తింటాం. నైస్ అనే మాట 'తెలివి లేనివాడు' అనే అర్థంతో బయలుదేరింది. ఎనర్వేట్ వింటే ఎనర్జీ గుర్తొస్తుంది, దాని అర్థం నీరసపడేలా చేయడం. మన తెలుగులో చేరిపోయిన ఇంగ్లీష్ మాటలు ఇంకా ప్రమాదం. లోన్ శాంక్షన్ అయింది అంటే ఇంట్లో స్వీట్ పంచుతారు, ఒక దేశం మీద శాంక్షన్స్ అంటే ఆంక్షలు. ఒకే మాట, ఒకసారి అనుమతి, ఒకసారి శిక్ష. డౌట్ అంటే మనకు క్లాసులో అడిగే ప్రశ్న, బయటి వాళ్ళకు అది నమ్మకం లేకపోవడం. ఇంటర్వ్యూలో "ఐ హ్యావ్ ఎ డౌట్" అంటే వాళ్ళు మీ మీద మీకే అనుమానం అనుకోవచ్చు.

గుర్తుండడం సంగతి. ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ మనిషి అర్థం లేని అక్షరాల కూర్పులు బట్టీ పట్టి, ఎంత వేగంగా మరిచిపోతామో కొలిచి 1885లో పుస్తకం వేశాడు. మన పీడీఎఫ్ చదువు కూడా మనకు అర్థం లేని కూర్పులే కదా! మరుపు రాబోయే ముందు ఇంకోసారి చూడాలి. దీనికి లైట్నర్ డబ్బాల పద్ధతి ఉంది: వచ్చిన కార్డు తర్వాతి డబ్బాలోకి, అక్కడ ఆలస్యంగా చూస్తాం. రాని కార్డు మళ్ళీ మొదటి డబ్బాకు. ఓఎస్‌లో మల్టీ లెవెల్ ఫీడ్‌బ్యాక్ క్యూ చదివారు కదా, దానికి చుట్టం. నేను రోజుకు ఐదు మాటలే రాస్తాను, కార్డు వెనక ఇంగ్లీష్ అర్థం కాదు, అవ్వకు చెప్పే ఒక తెలుగు వాక్యం.

ఇక కుప్పం. నా రూమ్మేట్‌ది ఆ వైపే. వాడు ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం, బెంగళూరు రైలెక్కితే కన్నడ. ఇట్లాంటి మనిషిని పాలీగ్లాట్ అంటారు, చాలా నాలుకలవాడు. 1997లో ద్రవిడ విశ్వవిద్యాలయం అక్కడ పెట్టడంలో న్యాయముంది. వాడి బయోడేటాలో మాత్రం ఇంగ్లీష్ ఒక్కటే రాసుకున్నాడు, మిగతావి 'వెర్నాక్యులర్' కాబట్టి లెక్కకు రావట. వెర్నాక్యులర్ వేరు వెతికాం. లాటిన్‌లో వెర్నా అంటే యజమాని ఇంట్లోనే పుట్టిన బానిస. ఆ రోజు వాడు బయోడేటాలో మూడు భాషలూ చేర్చాడు. పైగా ఇంగ్లీష్ డిక్షనరీలో మన మాట కూడా ఉంది: బ్యాండికూట్. మన పందికొక్కే, పేరు కాస్త నలిగింది.

చివరగా అందరికీ అవసరమైన మాట, ప్రొక్రాస్టినేట్. లాటిన్‌లో క్రాస్ అంటే రేపు. దీన్ని తెలుగు వాక్యంలో ఎట్లా చెప్పాలని అడిగితే మా వాడు చెప్పింది ఇది. తొంభైల్లో దయ్యం రాకుండా తెలుగు ఊళ్ళల్లో తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసేవాళ్ళు, కన్నడ ఊళ్ళల్లో 'నాళె బా' అని. పాపం ఆ దయ్యం రోజూ వచ్చి, చదువుకుని, రేపొద్దామని వెళ్ళిపోయేదట.