మూత్రంలో రక్తం: ఇంటివద్ద పరీక్ష

చరకసంహిత పిత్తజ ప్రమేహాలను ఆరుగా చెప్పి, వాటిలో రెండింటికి ఎరుపును లక్షణంగా నిర్ణయించింది. ఒకటి లోహితమేహం, రెండవది మాంజిష్ఠమేహం. మంజిష్ఠ కలిపిన నీటి వర్ణంతో మూత్రం వెలువడటం ఈ రెండవదాని గుర్తు. నాటి వైద్యునికి తన ఇంద్రియాలు తప్ప వేరు పరికరం లేదు. అయినా మూత్రవర్ణాన్ని అంత సూక్ష్మంగా విభజించి చూశాడు. ఆ మేహాలూ నేటి మూత్రాశయ క్యాన్సరూ ఒకటేనని నేను అనను. అలా అతికించడం వైద్యానికీ మేలు కాదు, ఆ గ్రంథానికీ మేలు కాదు. మూత్రం ఎర్రబడితే ఉపేక్షించరాదని పూర్వులు ఎరిగి ఉన్నారని చెప్పడం వరకే ఈ ప్రస్తావన.

నేను మూత్రకోశ శస్త్రవైద్యుడను. ఉత్సవదినాలలో యాత్రికుల ఉచిత వైద్యశిబిరంలో కూర్చుంటాను. అక్కడ ఏటా తప్పక వినవచ్చే మాట ఒకటి ఉన్నది. "ఒకసారి ఎర్రగా పడిందండీ. వేడి చేసిందనుకున్నాం. బార్లీ నీళ్లు, సబ్జా గింజలు తాగితే రెండు రోజులకు తగ్గిపోయింది." చెప్పేవారి ముఖంలో సంతృప్తి ఉంటుంది. నాకు భయం కలిగించేది ఆ "తగ్గిపోయింది" అనే మాటే.

మూత్రాశయం లోపలి పొరపై పుట్టే కణితి చాలా సందర్భాలలో నీటిలోని నాచు వలె సన్నని పోగులతో తేలుతూ ఉంటుంది. ఆ పోగులలోని రక్తనాళాలు మిక్కిలి పెళుసు. ఒకటి చిట్లితే రక్తం వస్తుంది; గడ్డకట్టగానే ఆగుతుంది. మళ్లీ చిట్లడానికి వారం పట్టవచ్చు, ఆరు నెలలు పట్టవచ్చు. బార్లీ నీళ్లు తాగినా, తాగకపోయినా ఆ రక్తం ఆగేదే. ఆగిన కీర్తి మాత్రం బార్లీకి దక్కుతుంది. పైగా నొప్పి ఉండదు. రాయి ఉంటే నడుము పట్టుకొని అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి పరుగెత్తుతాము. నొప్పిలేని రక్తాన్ని చూచి ఎవరూ పరుగెత్తరు.

అన్నదానశాలలో ఏళ్ల తరబడి వంట చేసిన ఒక పెద్దాయన నా వద్దకు వచ్చేనాటికి ఏడాదిన్నర కాలంలో మూడుసార్లు రక్తం పడి ఆగిపోయింది. నాలుగవసారి గడ్డలు అడ్డుపడి మూత్రం బిగిసిపోతే తీసుకొని వచ్చారు. అప్పటికి కణితి మూత్రాశయపు కండరంలోకి దిగింది. మూత్రాశయాన్నే తొలగించవలసి వచ్చింది. పొట్టపై సంచీ పెట్టుకొని ఆయన ఇప్పటికీ వంటశాలకు వచ్చి కూరగాయల లెక్క చూస్తున్నారు. గుండిగ మాత్రం ఎత్తలేరు. కణితి లోపలి పొరకే పరిమితమై ఉన్నప్పుడు వచ్చి ఉంటే, మూత్రమార్గం గుండా పరికరం పంపి గీసి తీసివేయడం, ఆపై మూత్రాశయంలోకి మందు ఎక్కించడంతో సరిపోయే అవకాశం అధికం. ఆ మందులలో ప్రధానమైనది, క్షయనివారణకు పసిపిల్లలకు మనం వేయించే బీసీజీయే.

కంటికి ఎరుపు కనిపించాలంటే లీటరు మూత్రంలో సుమారు ఒక మిల్లీలీటరు రక్తమైనా కలవాలి. అంతకు తక్కువైనదాన్ని పట్టుకొనగలిగేది డిప్‌స్టిక్ అనే పరీక్షాపట్టీ. రక్తంలోని హీమ్ అనే పదార్థం తగలగానే పట్టీపై ఉన్న రసాయనాల గడి పసుపు నుండి ఆకుపచ్చకు, ఆపై నీలానికి మారుతుంది. ఇంతే దాని రహస్యం.

ఇంటివద్ద ఈ పట్టీతో ఏమి సాధ్యమో అమెరికాలోని విస్కాన్సిన్‌లో 1980ల చివర ఎడ్వర్డ్ మెస్సింగ్ అనే వైద్యుని బృందం పరిశీలించింది. 50 ఏళ్లు, ఆపైన వయసున్న 1,575 మంది పురుషులు వరుసగా 14 రోజులు ఇంట్లోనే పట్టీ ముంచి చూచుకున్నారు. రక్తం కనిపించనివారు తొమ్మిది నెలల తరువాత మరల చూచుకున్నారు. 21 మందిలో మూత్రాశయ క్యాన్సర్ బయటపడింది. 14 ఏళ్ల పాటు గమనించగా వారిలో ఒక్కరు కూడా ఆ వ్యాధితో మరణించలేదు. అదే రాష్ట్రంలో ఇటువంటి పరీక్ష లేకుండా వ్యాధి బయటపడిన పురుషులలో దాదాపు ఐదింట ఒక వంతు దానితోనే మరణించారు.

ఈ అంకెలు ఆశ కలిగిస్తాయి. కాని వీటిని అతిగా నమ్మరాదు. స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారు సహజంగానే ఆరోగ్యంపై శ్రద్ధ కలవారు. చీటీలు వేసి రెండు వర్గాలుగా విడదీసి చేసిన పరిశోధన కాదిది. అందుచేతనే ఏ లక్షణమూ లేని ప్రజలందరికీ ఈ పరీక్ష చేయాలనడానికి ఆధారాలు చాలవని అమెరికా నివారణ సేవల కార్యదళం 2011లో తేల్చింది. నా అభిప్రాయమూ అదే. అయితే యాభై దాటి, బీడీ, సిగరెట్, చుట్ట అలవాటున్నవారి సంగతి వేరు. ఈ వ్యాధిలో దాదాపు సగానికి పొగాకే కారణం. అద్దకపు రంగుల పరిశ్రమలలో పనిచేసినవారూ జాగ్రత్తపడాలి. 1895లోనే ఫ్రాంక్‌ఫర్ట్ శస్త్రవైద్యుడు లుడ్విగ్ రేన్, రంగుల కర్మాగార కార్మికులలో మూత్రాశయ కణితులను గుర్తించి లోకానికి తెలిపాడు. ఇటువంటివారు తమ వైద్యునితో మాట్లాడి పట్టీ వాడుకోవడం సబబని నా నమ్మకం.

కొనేటప్పుడే ఒక మెలకువ అవసరం. దుకాణాలలో దొరికే పట్టీలలో కొన్ని చక్కెరను, ప్రోటీనును మాత్రమే చూపుతాయి. రక్తం గడి ఉన్నదో లేదో డబ్బాపై చూచి తీసుకోవాలి; గడువు తేదీ కూడా. శుభ్రమైన పొడి గిన్నెలో మూత్రాన్ని, మొదటి ధార వదలి మధ్యధారను పట్టి, పట్టీని ఒక్క క్షణం ముంచి, అంచుకు తట్టి, డబ్బాపై చెప్పిన సమయానికి, సాధారణంగా 60 సెకన్లకు, పగటి వెలుతురులో రంగుల పటంతో పోల్చి చూడాలి. రంగులు సరిగా గుర్తించలేనివారు ఇంట్లో మరొకరి చేత చూపించుకోవాలి. డబ్బా మూత వెంటనే బిగించకపోతే తేమకు పట్టీలన్నీ పాడవుతాయి. ఫలితాన్ని తేదీతో సహా కాగితంపై వ్రాసుకోవాలి. రక్తం వచ్చి ఆగే గుణం కలది గనుక ఒక్కరోజు పరీక్ష ఏమీ తేల్చదు. విస్కాన్సిన్‌లో 14 రోజులు పెట్టినది అందుకే.

మెట్లదారిన కొండ ఎక్కి వచ్చిన దినాన పరీక్షించుకోకండి. అధిక శ్రమ వలన ఆరోగ్యవంతునికి కూడా తాత్కాలికంగా రక్తకణాలు కనిపించవచ్చు. రెండు మూడు రోజులు ఆగి చూడాలి. స్త్రీలు ఋతుదినాలలో మానాలి. విటమిన్ సి మాత్రలు మింగేవారిలో రక్తం ఉన్నా పట్టీ చూపకపోవచ్చు. బీట్‌రూట్ తిన్నా, క్షయకు రిఫాంపిసిన్ వాడుతున్నా మూత్రం ఎర్రగానో నారింజరంగులోనో వస్తుంది; అందులో రక్తం లేకుంటే పట్టీ రంగు మారదు. అయితే కంటికి ఎర్రగా కనిపించి, కారణం తెలియనప్పుడు పట్టీ ఏమి చెప్పినా వైద్యుని వద్దకు పోవలసిందే.

పట్టీ రంగు మారగానే క్యాన్సర్ అని కుంగిపోవద్దు. విస్కాన్సిన్‌లో రక్తం కనిపించి తదుపరి పరీక్షలు చేయించుకున్నవారిలో పదిమందికి ఒక్కరు కూడా క్యాన్సర్ రోగులు కారు. రాళ్లు, ఇన్ఫెక్షన్, ప్రోస్టేట్ వాపు, మూత్రపిండ వ్యాధి వంటి కారణాలెన్నో. ముందుగా సూక్ష్మదర్శిని కింద ఎర్రకణాలను నిర్ధారిస్తారు. తరువాత స్కానింగ్, అవసరమైతే సిస్టోస్కోపీ. ఈ చివరిదాని పేరు వినగానే జంకేవారు ఎక్కువ. మత్తు జెల్లీ పెట్టి సన్నని గొట్టంతో లోపల చూచే కొద్ది నిమిషాల పని అది.

రక్తం పలచబరిచే మందులు వాడుతున్నవారు "ఆ మాత్రల వల్లే" అని తమకు తామే తీర్పు చెప్పుకోరాదు. వారికీ ఇవే పరీక్షలు. స్త్రీలలో ఈ వ్యాధి పురుషులకంటే తక్కువ, కాని ఆలస్యంగా బయటపడుతుంది. ఇన్ఫెక్షనని ఒక మందు తరువాత ఒక మందు వాడుతూ నెలలు గడిపేస్తారు. కల్చర్ పరీక్షలో సూక్ష్మజీవి కనిపించకపోయినా, మందుల కోర్సు ముగిశాక రక్తం మిగిలినా యూరాలజిస్టును చూపించమని కోరాలి.

అయ్యప్ప దీక్షలో 41 రోజులు బీడీ ముట్టనివారిని ఏటా శిబిరంలో చూస్తున్నాను. మాల తీసిన సాయంత్రమే తిరిగి వెలిగించేవారూ వారిలో ఉన్నారు. వచ్చే శిబిరానికి అటువంటివారు పట్టీ ఫలితాలు వ్రాసుకున్న కాగితం ఉంటే వెంట తెచ్చుకోవాలి, లేకున్నా రావచ్చు. ఎన్నడైనా ఒక్కసారి ఎర్రగా పడి ఉంటే, అది పదేళ్ల నాటి మాటైనా, మొదట అదే చెప్పండి.