గోడపై భక్తిప్రవాహం

నేపథ్యం

భారతీయ సాహిత్య చరిత్రలో భక్తి ఉద్యమం ఒక మహాఘట్టం. ఆ వాణిని మనం సంకీర్తనలలోను, పదాలలోను, దోహాలలోను విన్నాం. అదే ఉద్యమాన్ని కుంచెతో వ్యాఖ్యానించిన కుడ్యచిత్రం ఒకటి పశ్చిమ బెంగాల్‌లోని శాంతినికేతన్‌లో ఉన్నది. చిత్రాన్ని సైతం కావ్యంవలె చదువవచ్చునని విద్యార్థులకు తెలియజేయడమే ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

శాంతినికేతన్‌లోని విశ్వభారతిలో హిందీ భాషాసాహిత్యాల అధ్యయనానికై వెలసినది హిందీభవన్. ఆ భవనంలోని ఒక విశాలమైన గదిలో, మూడు గోడల పైభాగాన, 1946-47 సంవత్సరాలలో బినోద్ బిహారీ ముఖర్జీ (1904-1980) మధ్యయుగ సాధువుల జీవితాలను చిత్రించారు. మొత్తం పొడవు 70 అడుగులకు మించిన ఈ చిత్రం ఆధునిక భారతీయ కళలోని ఉత్తమ కృతులలో ఒకటిగా పరిగణింపబడుతున్నది.

ఇందులో రామానుజులు, కబీరు, సూరదాసు, తులసీదాసు, గురు గోవింద్ సింగ్ మొదలైనవారు కనిపిస్తారు. వీరిలో కాలక్రమాన రామానుజులు ప్రథములు. దక్షిణదేశంలో ఆయన ప్రవచించిన భక్తిమార్గం రామానందుని ద్వారా ఉత్తరాదికి చేరిందని, కబీరు రామానందుని శిష్యుడని సంప్రదాయం చెబుతుంది. రామానుజులు వేదాంత భాష్యకారులు. కబీరు మగ్గం నేసిన సాలెవాడు. గోవింద్ సింగ్ ఖడ్గం ధరించిన సిక్కుల గురువు. కులం, వృత్తి, భాష, మతం వేరైన వీరందరినీ చిత్రకారుడు ఒకే ధారలో నిలిపాడు. ఒక దృశ్యానికి, మరొక దృశ్యానికి మధ్య గీత గీసి విభజింపలేదు. నది ఒక రేవునుండి మరొక రేవుకు సాగినట్లు చూపు ఒక సాధువునుండి మరొక సాధువువద్దకు సాగిపోతుంది.

సాధారణంగా మహాత్ములను చిత్రించేవారు వారిని ఉన్నతాసనంపై కూర్చుండబెట్టి, శిరస్సు వెనుక కాంతివలయాన్ని అమర్చుతారు. ఇక్కడ సాధువులు జనసమూహం మధ్యనే ఉన్నారు. వారి చుట్టూ పనిపాటలు చేసుకొనే స్త్రీపురుషులు, పిల్లలు, బాటసారులు కిక్కిరిసి ఉన్నారు. నిలువుగా సాగిన ఆకృతులు కొన్ని స్తంభాలవలె నిలిచి, ఆ జనప్రవాహానికి లయను కల్పిస్తున్నాయి. భక్తి అరణ్యాలలో పుట్టినది కాదు, అంగళ్ళలో, మగ్గాలవద్ద, వీధులలో మాట్లాడే భాషలో వర్ధిల్లినదని ఈ కూర్పు నిరూపిస్తున్నది. చిత్రం రూపొందిన కాలాన్ని కూడా మనం గమనింపవలె. 1946 ఆగస్టులో కలకత్తా నగరం మతకల్లోలాలతో రక్తసిక్తమైంది. మనుషులు పరస్పరం వేరుపడుతున్న ఆ దినాలలో, భేదాలను దాటిన సాధుపరంపర ఒక గోడపై రూపుదిద్దుకొన్నది.

ఈ చిత్రరచనా విధానం మిక్కిలి కష్టతరమైనది. గోడకు సున్నపు గార పూసి, అది తడిగా ఉండగానే నీటిలో కలిపిన రంగులు వేయవలె. గార ఆరేకొద్దీ సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి, రంగును తనలో బంధించి రాయివలె గట్టిపడుతుంది. అందువల్ల ఆనాటికి పూర్తిచేయగలిగినంత భాగానికి మాత్రమే గార పూస్తారు. పొరపాటు జరిగితే తుడిచి దిద్దుకొనే వీలు లేదు. ఆ గారను చెక్కివేసి మళ్ళీ పూయవలసిందే. ముఖర్జీ చిన్న నమూనాలు సిద్ధపరచుకొన్నారే గాని, గోడకు సరిపడే ప్రతిని గీసి దానిని గోడపైకి ఎత్తలేదు. నేరుగా గోడమీదనే గీశారు. ఆయన సహధర్మచారిణి లీల, అనంతరకాలంలో సుప్రసిద్ధులైన కె.జి. సుబ్రహ్మణ్యన్ మొదలైన శిష్యులు ఆయనకు తోడ్పడ్డారు.

ఇంతకన్న ఆశ్చర్యకరమైన విషయం మరొకటి ఉన్నది. ముఖర్జీకి పుట్టుకతోనే దృష్టిలోపం. ఒక కంటికి చూపు లేదు. రెండవ కంటికి దగ్గరి వస్తువులే కనిపించేవి. 1919లో కళాభవన్‌లో చేరి, నందలాల్ బోస్‌వద్ద శిష్యరికం చేసిననాటినుండి ఆయన ఆ కొద్దిపాటి చూపుతోనే సాధన చేశారు. అంతటి గోడను దూరంగా నిలిచి ఒక్కచూపున చూడగల అవకాశం ఆయనకు లేదు. కంటికి ఆనే కొద్దిభాగాన్ని గీస్తూ, తక్కిన చిత్రమంతటినీ మనస్సులో నిలుపుకోవలసి వచ్చింది.

లోకప్రసిద్ధిని బట్టి సూరదాసు అంధకవి. ఆ అంధకవిని చిత్రించిన సుమారు పదేళ్ళకు, శస్త్రచికిత్స విఫలమై, ముఖర్జీ కూడా చూపును పూర్తిగా కోల్పోయారు. అయినను ఆయన కళను విడువలేదు. స్పర్శనే దృష్టిగా చేసుకొని కాగితాలు కత్తిరించి బొమ్మలు కూర్చారు, రేఖాచిత్రాలు గీశారు, 1972లో పింగాణీ పలకలతో కళాభవన్ గోడపై మరొక చిత్రాన్ని నిర్మించారు. ఒకనాటి ఆయన శిష్యుడు, చలనచిత్ర దర్శకుడు సత్యజిత్ రాయ్ అదే సంవత్సరంలో గురువుపై తీసిన లఘుచిత్రానికి 'ది ఇన్నర్ ఐ' అని పేరు పెట్టారు. లోచూపు అని దాని అర్థం. హిందీభవన్ గోడపైని సాధువులు ప్రబోధించినది కూడా ఆ లోచూపునే కదా!

కఠిన పదాలు - అర్థాలు

కుడ్యం = గోడ
రేవు = నదిలోనికి దిగే చోటు
రక్తసిక్తం = రక్తంతో తడిసినది
సహధర్మచారిణి = భార్య

ప్రశ్నలు

1. హిందీభవన్ కుడ్యచిత్రంలో భక్తి ఉద్యమ స్వభావం ఎట్లు వ్యక్తమైనదో వివరింపుము.
2. తడిగారపై చిత్రించే విధానాన్ని తెలిపి, అందులోని కష్టాన్ని పేర్కొనుము.
3. 'లోచూపు' అనే మాట ముఖర్జీ జీవితానికి ఎట్లు అన్వయించునో సంగ్రహముగా వ్రాయుము.