గోడమీద రాఘవ

బళ్ళారి రాఘవగారి పేరు మీరు వినే ఉంటారు. 1880లో తాడిపత్రిలో పుట్టి, బళ్ళారిలో వకీలుగా పనిచేస్తూనే తెలుగు నాటకరంగంలో మహానటుడనిపించుకున్నారు. ఆయన జయంతి ఆగస్టు 2. ఆ రోజుకు బడి గోడమీద ఆయన బొమ్మ వేయాలనుకోండి. దొరికినది 10 సెం.మీ. వెడల్పు, 15 సెం.మీ. ఎత్తు గల ఫోటో ఒక్కటే.

ఊరికే చూసి గీస్తే కళ్ళొకచోట, ముక్కొకచోట పడతాయి. అందుకే చిత్రకారులు గళ్ళు గీసుకుంటారు. ఫోటోమీద ట్రేసింగు కాగితం పరచి 1 సెం.మీ. గళ్ళు గీయండి. 150 వస్తాయి. గోడమీద సుద్దముక్కతో 10 సెం.మీ. గళ్ళు అన్నే గీయండి. ఇక ముఖాన్ని మరచి, ఒక్కొక్క గడినే చూడండి. కనుబొమ గీత చిన్న గడి అంచును మూడోవంతు దగ్గర దాటితే, పెద్ద గడిలోనూ అక్కడే దాటాలి.

ఇందులోని కిటుకు సరూపత. రెండు కళ్ళనూ గడ్డాన్నీ కలిపితే ఒక త్రిభుజం వస్తుంది కదా! గోడమీద దాని భుజాలు మూడూ పదేసి రెట్లవుతాయి, కోణాలు మాత్రం మారవు. పోలిక నిలిచేది అందువల్లనే. గోడ వెడల్పుగా ఉందని గళ్ళను అడ్డంగా 15 సెం.మీ. చేశారో, రాఘవగారి బుగ్గలు ఉబ్బిపోతాయి! మిగిలిన గోడను ఖాళీగా వదిలేయండి.

రంగు లెక్క వేరు. ఫోటో వైశాల్యం 150 చదరపు సెంటీమీటర్లు, గోడబొమ్మది 15,000. అంటే నూరు రెట్లు. పది రెట్లే కలుపుకున్నవారికి నుదురు పూర్తయ్యేసరికే డబ్బా ఖాళీ అవుతుంది.

ప్రశ్న: బొమ్మ కొలతలను 5 రెట్లు పెంచితే రంగు ఎన్ని రెట్లు కావాలి?