పాత డీజిలు యంత్రములు – పొగ నియమములు

మన పాఠశాలలోని బాలబాలికల తలిదండ్రులలో పిండిమరలు నడుపువారు, అచ్చుకూటముల వారు, హోటళ్ళవారు, లారీల యజమానులు పెక్కురు కలరు. వీరిలో అనేకుల యొద్ద పది పదునైదేండ్లుగా పనిచేయుచున్న డీజిలు జనరేటరో, ఇంజనో ఉండును. పొగను గూర్చి కాలుష్య నియంత్రణ మండలి వారి ఉత్తరువు వచ్చినప్పుడు అది రాష్ట్రభాషలోనో ఆంగ్లములోనో ఉండును. కొందరు దానిని చదువు తీరిక లేక పెట్టెలో పడవేయుదురు. మరికొందరు భయపడి, దళారి చూపిన పరికరమును చూపినట్లే కొనివేయుదురు. రెండును నష్టమునకే దారితీయును. కావున ఈ విషయమును తెలుగున ఒక పాఠముగా వివరింప దలచితిని.

పొగ ఎట్లు పుట్టును?

రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు 1897లో ఆగ్స్‌బర్గు నగరమున జయప్రదముగా నడిపి చూపిన యంత్రమే నేటి డీజిలు ఇంజనులకు మూలము. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ ఇంధనమును ముట్టించును. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ లేదు. సిలిండరులోని గాలి గట్టిగా నొక్కబడి మిక్కిలి వేడెక్కును. ఆ వేడిగాలిలోనికి నాజిలు డీజిలును సన్నని తుంపరగా చిమ్మగా అది తనంత తానే అంటుకొనును. తుంపర సన్నగా ఉండి గాలి చాలినంత ఉన్నచో నూనె చక్కగా కాలును. నాజిలు అరిగి బొట్లుగా కార్చినను, గాలి చాలకున్నను, నూనె అరకొరగా కాలి మసియగును.

పొగ రంగును బట్టి యంత్రము జబ్బును కొంతవరకు గుర్తింపవచ్చును. నల్లని పొగ వచ్చినచో గాలికి మించిన నూనె పడుచున్నదని అర్థము. నీలిపొగ వచ్చినచో ఇంజను ఆయిలు కాలుచున్నది. యంత్రము వేడెక్కిన పిమ్మట కూడ తెల్లపొగ విడువకున్నచో కాలని నూనెయో, సిలిండరులోనికి దిగిన నీరో కారణము కావచ్చును.

కంటికి కనబడని భాగము మరింత చెడ్డది. మంట వేడిచేత నత్రజని ఆక్సైడులు పుట్టును. మసిలోని కణములలో అధికభాగము 2.5 మైక్రానులకంటె సన్ననివి. అవి ఊపిరితిత్తుల లోతట్టునకు పోవును. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2012లో డీజిలు పొగను మనుష్యులకు క్యాన్సరు కలిగించు వస్తువుల మొదటి వర్గమున చేర్చినది. తమ బరువునకు తగిన పాళ్ళలో చూచినచో పెద్దలకంటె పిల్లలు ఎక్కువ గాలి పీల్చుదురు. నియమములకు అసలు కారణమిదియే గాని, వర్తకులను వేధించుట కాదు.

నియమములు ఏమి కోరుచున్నవి?

మనదేశమున వాయు కాలుష్య నివారణ చట్టము 1981లో వచ్చినది. 800 కిలోవాట్లవరకు గల జనరేటర్ల ఇంజనులకు పొగ పరిమితులు 2004లో అమలునకు వచ్చి, 2014 జూలై 1న ఒకమారు, 2023 జూలై 1న మరియొకమారు బిగింపబడినవి. ఈ పరిమితులు సాధారణముగా ఇంజను తయారైన తేదీని బట్టి వర్తించును. ఆ తేదీ ఇంజనుకు బిగించిన రేకుమీద ఉండును. కావున 2010 నాటి ఇంజను 2023 నాటి ఇంజను వలె ఉండవలెనని ఈ పరిమితులు కోరవు.

అట్లని పాత యంత్రమునకు నియమములే లేవని తలపరాదు. మూడు సంగతులు చూచుకొనవలెను.

మొదటిది పొగగొట్టము ఎత్తు. జనరేటరు కె.వి.ఏ. సంఖ్యకు వర్గమూలము కట్టి, దానిని 0.2 చేత గుణించి, వచ్చినన్ని మీటర్లు భవనపు ఎత్తునకు కలుపవలెను. భవనము 9 మీటర్లు, జనరేటరు 100 కె.వి.ఏ. అనుకొందము. 100కు వర్గమూలము 10, దానిని 0.2 చేత గుణింప 2. కావున గొట్టము నేలనుండి 11 మీటర్లు ఉండవలెను. ఇది ఎనిమిదవ తరగతి పిల్లలు కట్టగల లెక్క. ఇంటనున్న పిల్లలచేతనే కట్టించి చూడుడు.

రెండవది చప్పుడు. పాత జనరేటరునకు చప్పుడు నాపు పెట్టెయైన ఉండవలెను, లేదా గది గోడలకైన తగిన పొరలు వేయింపవలెను. వీనివలన చప్పుడు కనీసము 25 డెసిబెల్లులు తగ్గవలెను.

మూడవది స్థానిక ఉత్తరువు. ఢిల్లీ రాజధాని ప్రాంతమున వాయు నాణ్యత కమిషను వారు 2023లో, యంత్రపు పరిమాణమును బట్టి, పాత జనరేటర్లకు గ్యాసు కలిపి నడుపు మార్పునో, పొగ వడపోత పరికరమునో విధించిరి. ఇతర రాష్ట్రముల మండలుల ఉత్తరువులు వేరుగా ఉండును. కావున ఇంజను రేకుమీది పరిమాణమును, సంవత్సరమును వ్రాసికొని పోయి, మనకు వర్తించు ఉత్తరువు ప్రతిని మండలి కార్యాలయముననే అడిగి తీసికొనవలెను. దళారి మాట దానికి బదులు కాదు.

మందుకు ముందు పథ్యము

జబ్బుపడిన ఇంజనునకు ఎంత ఖరీదైన పరికరము బిగించినను ప్రయోజనము లేదు. ముందు ఇంజనును బాగుచేయవలెను. గాలి వడపోతను శుభ్రపరచుట లేక మార్చుట, నాజిళ్ళను పరీక్షింపించుట, డీజిలు పంపు అదనును సరిచేయుట, వాల్వుల సందు చూచుట, సిలిండరులో గాలి ఒత్తిడి తగ్గినదేమో కొలిపించుట అను ఈ పనులు మంచి మెకానిక్కు చేయగలడు. వీనివలన పొగ తగ్గుటయే గాక నూనె కూడ ఆదా యగును.

రెండవ పథ్యము నూనె. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతట అమ్ముచున్న డీజిలులో గంధకము పదిలక్షల పాళ్ళలో 10 పాళ్ళకు మించరాదు. గంధకము పరికరములలోని రసాయనపు పూతను చెరుచును. కావున ఈ మార్పు పాత యంత్రములకును మేలైనది. అయితే కిరసనాయిలు కలిపిన నూనె, మురికి పీపాలలో నిలువయుంచిన నూనె ఆ మేలును పోగొట్టును.

మూడవది బరువు. చిన్న పనికి పెద్ద జనరేటరును నడుపుట పెక్కుచోట్ల కలదు. తన శక్తిలో మూడవవంతునకు తక్కువ బరువుతో ఎక్కువకాలము నడచు ఇంజను చాలినంత వేడెక్కదు. కాలని నూనె జిగురై గొట్టములో పేరుకొనును.

పరికరములను గూర్చి

పొగ పరికరములలో ముఖ్యముగా రెండు తెగలు కలవు. ఒకటి రసాయనపు పూతచేత విషవాయువులను, కాలని ఆవిరులను కాల్చివేయును. మసిని పట్టుట దీనివలన అంతగా కాదు. రెండవది జల్లెడవలె మసిని పట్టును. పట్టిన మసి ఎప్పటికప్పుడు కాలిపోవలెను. పొగ వేడి చాలనిచో జల్లెడ పూడి, పొగ వెనుకకు ఒత్తి, ఇంజను చెడును. తక్కువ బరువుతో నడపరాదనుటకు ఇది మరియొక కారణము.

జనరేటర్లకు తరువాత బిగించు పరికరములను పరీక్షించు పద్ధతిని కేంద్ర మండలి 2022 ఫిబ్రవరిలో ప్రకటించినది. దాని ప్రకారము పరికరము మసిలో కనీసము నూటికి 70 పాళ్ళు పట్టవలెను. కొనుటకు ముందు ధ్రువపత్రమును చూపుమని అడుగుడు. అందు వ్రాసిన ఇంజను పరిమాణము మీ ఇంజనుకు సరిపోవునా యని చూచుకొనుడు. బాగుచేయు ఖర్చు, పరికరపు ఖర్చు కలిపి యంత్రపు విలువను మించినచో దానిని విడిచి కొత్తది తెచ్చుకొనుటయే మేలు.

పరీక్షనాటి వేషము

లారీలకు, వ్యానులకు పొగ పరీక్ష కలదు. బి.ఎస్. 4 కంటె పాత డీజిలు బండ్ల పొగ 65 హార్ట్రిడ్జి ప్రమాణములను, బి.ఎస్. 4 బండ్ల పొగ 50ని మించరాదు. పరీక్షకు ముందు పంపు మర బిగించి నూనె తగ్గించి, పత్రము చేతికి రాగానే మరల వదులు చేయు వాడుక కొన్నిచోట్ల కలదు. ఇది పరీక్షలో చూచి వ్రాయుట వంటిది. పత్రము పెట్టెలో ఉండును. పొగ మాత్రము బడి వాకిట నిలిచిన పిల్లల ఊపిరిలోనికి పోవును.

తలిదండ్రులకు మనవి. మీ యంత్రపు రేకును ఈ వారముననే చదువుడు. పొగ రంగును, గొట్టము ముఖము ఎవరి కిటికీవైపు ఉన్నదో చూడుడు. ముందు మెకానిక్కును, పిమ్మట మండలి వారిని, చివరకు పరికరముల వర్తకుని కలిసికొనుడు. ఈ వరుస తప్పనిచో డబ్బును మిగులును, ఇరుగుపొరుగుల ఆరోగ్యమును నిలుచును.